మిద్దె మీది వెలుగు

తెలుగువారికి సూర్యుడు ప్రత్యక్ష దైవం. అరసవిల్లిలో ఆయనకు ఆలయం ఉన్నది. రథసప్తమినాడు పాలు పొంగించి, చిక్కుడాకులలో పరమాన్నం నివేదించడం అనూచానంగా వస్తున్న ఆచారం. ఇంతకాలం వడియాలకూ ఒరుగులకూ మాత్రమే ఎండను వాడుకొన్న మిద్దె, నేడు విద్యుత్తును పండించే క్షేత్రమవుతున్నది. అయితే ఈ మార్పును కరెంటు బిల్లు తగ్గించే ఉపాయంగా మాత్రమే చూడడం తగదు.

సౌరఫలకంలోని ప్రధాన ద్రవ్యం సిలికాన్ అనే అర్ధవాహకం. కాంతి సోకినప్పుడు దానిలోని ఎలక్ట్రాన్లు కదలి విద్యుత్తు జనిస్తుంది. దీనికి కారణం వెలుగే గాని వేడిమి కాదు. ఫలకం మిక్కిలి వేడెక్కితే ఉత్పత్తి కొంత తగ్గుతుంది కూడా. ఈ ధర్మానికి మూలమైన దృగ్విషయాన్ని 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ గుర్తించాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ఉపయోగయోగ్యమైన సిలికాన్ ఘటాన్ని ప్రదర్శించింది.

ఫలకాలు ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. ఇంటి ఉపకరణాలకు కావలసినది ఏకాంతర విద్యుత్తు. ఆ మార్పు చేసేది ఇన్వర్టర్. ఒక కిలోవాట్ సామర్థ్యానికి నీడ పడని స్థలం సుమారు 10 చదరపు మీటర్లు కావాలి. మంచి ఎండ కాస్తే రోజుకు సుమారు 4 యూనిట్లు లభిస్తాయి. మన ప్రాంతంలో ఫలకాలను దక్షిణం వైపు వాల్చి అమర్చాలి. పేరుకొన్న దుమ్మును తరచుగా కడగాలి.

పగలు మిగిలిన విద్యుత్తు వీధి తీగలలోకి పోతుంది. రాత్రి కావలసినది అక్కడినుంచే వస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలను లెక్కించేది నెట్ మీటర్. దీనిని చూసి ఆ తీగలనే విద్యుత్తును దాచే గాదెగా కొందరు భావిస్తారు. అది పొరపాటు. పగలు పంపిన విద్యుత్తును ఆ క్షణంలోనే మరొకరు వాడుకొంటారు. రాత్రి వచ్చేది అప్పటికప్పుడు ఉత్పత్తి అయినది. అందులో అధికభాగం బొగ్గు మండించగా వచ్చినదే. కనుక బిల్లు సున్నా అయినంత మాత్రాన బొగ్గు ఋణం తీరినట్లు కాదు. నీటి మోటారు, బట్టల యంత్రం, ఇస్త్రీపెట్టె వంటివాటిని ఎండ ఉన్న వేళలోనే వాడుకోవడం వివేకం.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం కోటి గృహాలను లక్ష్యంగా పెట్టుకొని సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. 3 కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల రాయితీని ప్రకటించింది. ఇది హర్షణీయమే. కాని సొంత మిద్దె లేనివారి మాటేమిటి? అద్దె ఇళ్లవారికి, పూరిగుడిసెలవారికి ఈ ఫలం అందేదెట్లు? బహుళ అంతస్తుల భవనాలపై ఉమ్మడి అమరికలు, పాఠశాలల పైకప్పులపై ఊరికంతకూ ఉపకరించే ఫలకాలు విరివిగా రావాలి.

సూర్యుడు మేడకూ గుడిసెకూ సమంగానే వెలుగు పంచుతున్నాడు. ఆ సమత్వాన్ని తీగలలోనూ నిలపడం మానవుల బాధ్యత.