ఇసుక తట్ట - అన్నం ముద్ద

మా కోనసీమలో ఆకలి మాట ఎత్తితే విన్నవాళ్ళు నవ్వుతారు. రెండు పక్కలా గోదావరి పాయలు, మూడో పక్క సముద్రం, మధ్యన వరీ, కొబ్బరీ, అరటీ, కందా. ఇంటికి వచ్చిన చుట్టం భోజనం చెయ్యకుండా వెళ్ళిపోతే ఇల్లాలు వారం రోజులు చెప్పుకుని బాధపడుతుంది. ఇలాంటి సీమలో తిండి చాలనివాళ్ళు ఎవరున్నారండీ అని మీరు అడగవచ్చు. ఉన్నారు. మన మేడలకి ఇసుక తీసేవాళ్ళు.

గని అనగానే మనకి సింగరేణి బొగ్గో, కోలారు బంగారమో గుర్తుకొస్తుంది. 1957 నాటి గనుల చట్టం మామూలు ఇసుకని కూడా చిన్న ఖనిజాల్లో చేర్చింది. అంచేత గోదావరిలో మునిగి ఇసుక తీసే మనిషీ గని కార్మికుడే. ఆ గనికి నీళ్ళే కప్పు, అంతే తేడా.

రావులపాలెం ప్రాంతంలో గౌతమి ఒడ్డున నిలబడితే ఈ పని కనబడుతుంది. తెల్లవారకముందే పడవ బయలుదేరుతుంది. లోతు నీటిలో గెడ పాతి, దాన్ని పట్టుకుని ఒకరు బకెట్టుతో అడుక్కి దిగుతారు. ఊపిరి బిగబట్టి నింపితే పైవాళ్ళు లాగుతారు. పడవ నిండేదాకా ఇదే వరస. ఒడ్డుకి చేరాక తట్టలకెత్తి గట్టు మీదికి మోసేవాళ్ళలో ఆడవాళ్ళూ ఉంటారు. యంత్రాలు వచ్చినచోట ఈ పని తగ్గింది గాని, బొత్తిగా పోలేదు.

మా కాలేజీలో చదివే కుర్రవాడొకడి మేనమామ పడవ మీద పని చేస్తాడు. మాటల్లో అడిగాను.

"పొద్దున్నే ఏం తిని దిగుతావయ్యా?"

"తింటే మునగలేమండి, మేష్టారూ. టీ తాగి దిగుతాం. మజ్జానం ఒడ్డెక్కాక అన్నం."

"అన్నంలోకి?"

"పచ్చడండి. ఉంటే పులుసు. ఆదివారం కోడి."

"మరి కూరలు?"

"ఊళ్ళోకెళ్ళి తేవాలి కదండీ. ఓ పూట పని పోద్ది."

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. మనకి కట్ట తోటకూర వెల అంటే కూరలమ్మాయి చెప్పిన ధర. అతనికి ఆ ధరతోపాటు ఒక పూట కూలి కూడా. గట్టు మీద పాకకొట్టు ఉంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, బిస్కట్లు, చుట్టలు అరువు మీద దొరుకుతాయి. ఆకుకూర సాయంత్రానికి వాడిపోతుంది కనక కొట్టువాడు తేడు. అతన్నీ తప్పుపట్టలేం.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. నాలుగు వందల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనిలోనూ ఇదే గొడవ. మచిలీపట్నంలో ఉండే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం మెథ్వోల్డ్ 1622లో అక్కడికి వెళ్ళి, ముప్ఫై వేలమంది పని చేస్తున్నారని రాశాడు. తిండి సరుకులన్నీ దొరుకుతాయిట, కాని విపరీతమైన ధర. కారణమూ ఆయనే చెప్పాడు: సరుకు దూరాన్నుంచి రావాలి, దారి పొడుగునా సుంకాలు కట్టాలి. తరవాత వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్, ఆ ఊరిని జనం "గని" అనే పిలుస్తారని రాసుకున్నాడు. తెలుగు మేష్టర్ని కనక ఆ మాట చూసి సంతోషించాను. పని మొదలుపెట్టే రోజున వర్తకుడు కూలివాళ్ళందరికీ విస్తరి వేసి అన్నమూ, కరిగిన నెయ్యీ, పంచదారా పెట్టించేవాడట. ఆయన చూసిన మరో గనిలో కూలి ఏడాదికి మూడు వరహాలు. అంటే విందు ఒక్కరోజు, వరహాలు మూడు, ధరలు మాత్రం ఏడాది పొడుగునా. ఆ కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉన్నాయి. అక్కడి లెక్క మాత్రం మునగలేదు.

కడుపునిండా అన్నం ఉంది కదా, ఇంకేమిటి అనేవాళ్ళకి మన జిల్లాల చరిత్రే సమాధానం. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి వ్యాధికి పేరుమోసినవి. పంట లేక కాదు. మిల్లులు వచ్చి పచ్చి బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టేసరికి, తవుడుతోపాటు బి1 విటమిన్ కూడా పోయింది. దంపుడు బియ్యమో, ఉప్పుడు బియ్యమో తినేవారికి ఆ బాధ తక్కువ. ఈ బెరిబెరిని పరిశోధించడానికే రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆకలి తీరినంతమాత్రాన ఒంటికి కావలసినవన్నీ అందినట్టు కాదని మన అన్నపు కంచమే లోకానికి పాఠం చెప్పిందన్నమాట.

ఇప్పుడు బెరిబెరి మాట వినబడదు గాని, రక్తహీనత ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తం చాలదు. అయిదేళ్ళలోపు పిల్లల్లో, ఆరు నెలలు నిండినవాళ్ళని లెక్కిస్తే, నూటికి 63.2 మందికి. రక్తానికి కావలసిన ఇనుము ఒట్టి తెల్లన్నంలో బహు తక్కువ. భోజనంతోపాటే టీ తాగితే ఆ కాస్తా ఒంటపట్టదు. నిమ్మకాయ పిండుకుంటే పడుతుంది. ఇంట్లో కూచుని చదివే మనకే ఇది అవసరమైతే, తల మీద తడి ఇసుక మోసేవాళ్ళ సంగతి చెప్పాలా?

ఆ గట్టు మీదే కడుపుతో ఉన్న ఒక అమ్మాయి తట్ట మోస్తూ కనబడింది.

"ఎన్నో నెలమ్మా?" అన్నాను.

"ఆరోదండి."

"అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నావా?"

"రాసారండి. మా ఊళ్ళో."

వాళ్ళ ఊరు విజయనగరం అవతల. గుడ్డూ పాలూ ఆమె పేరనే ఉన్నాయి. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాయి. రేషను బియ్యం రాష్ట్రంలో ఎక్కడైనా తీసుకోవచ్చు. కాని కార్డు మీద ఇంటి దగ్గర అత్తగారు తెచ్చుకు తింటోంది, మరి ఇక్కడ ఎలా తెచ్చుకోవడం? అయిదు రూపాయల అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు 15న మళ్ళీ తెరిచారు. అవి చాలావరకు పట్టణాల్లో. మంచి పనులన్నీ జరుగుతూనే ఉన్నాయి, ఈ గట్టు దాకా రావడం లేదు.

అన్నం ఉండటం వేరు, అన్నం అందటం వేరు. ఈ తేడా తెలిసిన మనిషి మన సీమలోనే బతికింది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841-1909) ఏ వేళప్పుడు వచ్చినవారికైనా వండి పెట్టిన తల్లి. బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమె పేరే పెట్టింది. ఆమె దాతృత్వం అందరూ చెప్పుకుంటారు. నాకు నచ్చేది ఇంకొకటి: ఆ పొయ్యి ఉన్న చోటు. గోదావరి దాటే బాటసారులు అలిసిపోయి వచ్చే లంక ఊళ్ళో అది వెలిగింది. ఆకలి ఉన్నచోటే అన్నం ఉంది.

అదే పని ఇప్పుడు చెయ్యడానికి సీతమ్మగారంతటి మనసు కూడా అక్కర్లేదు. పోషణ్ ట్రాకర్ లెక్కల్లో పేరును ఒక అంగన్‌వాడీ నుంచి మరొకదానికి మార్చే వీలుంది. దగ్గరి అంగన్‌వాడీ అమ్మాయి నెలకోసారి ర్యాంపుకి వెళ్ళి, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటే చాలు. గనుల ఆదాయంలోంచి జిల్లాకి వచ్చే నిధి కోసం 2015లో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. స్త్రీ శిశు సంక్షేమం దాని ముఖ్య పనుల్లో ఒకటి. ఇసుక ర్యాంపు దగ్గర మధ్యాహ్నం ఒక పప్పు గిన్నె పొయ్యెక్కించడానికి అందులోంచి ఇవ్వమని అడగవచ్చు. కొట్టువాడి చేత వాడిపోని సరుకు తెప్పించవచ్చు: గుడ్లు, వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు, నిమ్మకాయలు. గట్టు మీద రెండు మునగ కొమ్మలు పాతితే ఏడాది తిరిగేసరికి ఆకుకూర కోసం పూట పని పోగొట్టుకోనక్కర్లేదు.

ఇల్లు కట్టించుకున్నవాళ్ళం గృహప్రవేశంనాడు మేస్త్రీకి బట్టలు పెడతాం, వడ్రంగికి తాంబూలం ఇస్తాం. ఇసుక తీసిన మనిషి ఎవరో మనకి తెలియదు, పిలవడానికి పేరు లేదు. పిలవకపోయినా పరవాలేదు. ఈసారి లారీ ఇసుక దింపించుకునేటప్పుడు అది ఏ ర్యాంపుదో కనుక్కోండి. ఆ ఊరి పంచాయతీకి, అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళ పేర్లు అంగన్‌వాడీ పుస్తకంలో ఎక్కాయా అని అడుగుతూ ఒక ఉత్తరం రాయండి. నేను రాశాను. రెండో ఉత్తరం మీది అయితే, వాళ్ళు జవాబు చెప్పక తప్పదు.