పిచ్చి మందు అని మనం ఏ మాత్రను అంటున్నాము?

చందా లెక్కల పోస్టులు చదివి విసిగిన వారికి ఈసారి వేరే సంగతి. కొంచెం పొడుగు. మన ఉడుమలైపేటలో మాట వచ్చి అక్షరం రాని ఇళ్లే ఎక్కువ కనుక, చదవగలిగిన వారు ఇంట్లో మిగతావారికి చదివి వినిపించండి. ముఖ్యంగా ఆడవాళ్లకు.

మన బంధువర్గంలో ఒక అక్క. పేరు వద్దు. ఐదేళ్ల కింద ఒక రాత్రి ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుని, చేతులు చల్లబడి, ఊపిరి అందక, ‘నేను పోతున్నా’ అని కేక పెట్టింది. కారు పిలిపించి కోయంబత్తూరుకు తీసుకెళ్లారు. ఈ.సి.జి. బాగుంది. పదిహేను రోజులకు మళ్లీ అదే. ఈసారి ఎకో, థైరాయిడ్ పరీక్ష. అవీ బాగున్నాయి. చివరికి ఒకచోట చిన్న మాత్ర ఒకటి పది రోజులకు రాసిచ్చారు. వేసుకున్న కాసేపటికే దడ దిగింది. ఆ పది రోజుల మాత్రను అక్క ఐదేళ్లు వేసుకుంది. పాత చీటీ చూసి ఇచ్చే మెడికల్ షాపు ఉంది, చీటీ అడగనే అడగని షాపూ ఉంది.

మధ్యలో ఒక డాక్టరు మానసిక వైద్యుడి దగ్గరకు పంపాడు. ఆయన వేరే మాత్ర రాసి, గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పాడు. ఇంట్లో పెద్దలు ఒప్పుకోలేదు. ‘పిచ్చి మందు. అలవాటైతే జన్మంతా వదలదు. పెళ్లికి ఎదిగిన పిల్ల ఉన్న ఇల్లు.’ నాలుగు రోజులకే ఆ మాత్ర చెత్తబుట్టలో పడింది. పర్సులోని చిన్న మాత్ర మాత్రం పర్సులోనే ఉండిపోయింది. మన తప్పంతా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. అలవాటు పడుతుందని భయపడి పారేసినది అలవాటు చేయనిది. ధైర్యంగా దాచుకున్నది అలవాటు చేసేది.

ఈ జబ్బుకు మన ఇళ్లలో సరైన పేరు కూడా లేదు. తెలుగులో దడ అంటాము, తమిళంలో పడపడప్పు అంటాము, దిష్టి అని కూడా అంటాము. వైద్యంలోనూ దీనికి పేరు ఆలస్యంగానే వచ్చింది. 1959లో న్యూయార్కులోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్ అనే డాక్టరు, ఇమిప్రమిన్ అనే కొత్త మందును ఇలాంటి రోగులకు ఇచ్చి చూశాడు. వాళ్లు రోజుకు ఎన్నోసార్లు ‘చచ్చిపోతున్నాం’ అంటూ నర్సుల దగ్గరకు పరుగెత్తేవారు. కొన్ని వారాలయ్యాక అడిగితే ఏమీ తగ్గలేదన్నారు. తేడా కనిపెట్టింది నర్సులు. ఆ పరుగులు ఆగిపోయాయని వాళ్లే చెప్పారు. ఈ కథ మాకు చాలా ఇష్టం. మందు పనిచేస్తోందో లేదో రోగి కంటే ముందు పక్కనున్న మనిషికి తెలియవచ్చు. మన ఇళ్లలో ఆ పక్కనున్న మనిషే ‘నాలుగు రోజులైంది, ఏమీ లేదు, పారెయ్’ అంటున్నాడు. 1980లో గానీ అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పుస్తకంలో పానిక్ డిజార్డర్ అని దీన్ని విడిగా రాయలేదు.

రెండో రకం మందులది వేరే దారి. 1960లో లిబ్రియం, 1963లో వేలియం, 1981లో ఆల్ప్రజోలం అమెరికా బజారుకు వచ్చాయి. అక్క పర్సులో ఉన్నది ఈ చివరిదే. ఇవి మెదడులో శాంతపరిచే గాబా అనే రసాయనానికి బలం ఇస్తాయి. అందుకే గంటలోపే గుణం. రోజూ వేస్తే మెదడు దానికి సర్దుకుంటుంది. ఆపితే పాత భయం మొదటికంటే ఎక్కువై తిరిగి రావచ్చు. కొందరికి వణుకు, ఫిట్స్ కూడా వస్తాయి.

ఆల్ప్రజోలం మీద అనేక దేశాల్లో జరిగిన పెద్ద పరిశోధన 1988లో అచ్చయింది. దానికి డబ్బు పెట్టింది ఆ మందు తయారు చేసిన కంపెనీయే. మందు పనిచేస్తుందని తేలింది, మాన్పించేటప్పుడు చాలామందికి దడ తిరగబెట్టిందనీ తేలింది. 1993లో లండన్, టొరంటోలలో 154 మందితో జరిగిన పరిశోధనలో, భయపడే చోటికి కొంచెం కొంచెంగా వెళ్లి అలవాటు చేసుకునే చికిత్స తీసుకున్నవారికి ఆ గుణం నిలిచింది. మాత్ర వేసుకున్నవారికి మాత్ర ఆపాక నిలవలేదు. 2000లో అచ్చయిన అమెరికా పరిశోధన 312 మందితో జరిగింది. ఇమిప్రమిన్, మాటలతో చేసే చికిత్స రెండూ ఉత్తుత్తి మాత్ర కంటే మేలు చేశాయి. చికిత్స ఆపిన తర్వాత నిలకడగా ఉన్నది మాత్రం మాటల చికిత్సే.

ఇప్పుడు డాక్టర్లు మొదట రాసేవి సెర్ట్రలిన్, పరోక్సెటిన్ వంటివి. అక్క పారేసింది ఈ రకమే. వీటిలోనూ కష్టం ఉంది. మొదటి వారం కడుపులో తిప్పవచ్చు, దడ కొంచెం పెరగవచ్చు కూడా. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. కొందరికి దాంపత్యంలో ఇబ్బంది. ఒక్కసారిగా ఆపితే తలతిప్పుడు. ఇదంతా ముందే చెప్పని డాక్టరుదీ తప్పే. అయినా ఇంకా కావాలి, ఇంకా కావాలి అనిపించే గుణం వీటికి లేదు.

అక్క సంగతికి వస్తాము. పోయిన ఏడాది మదురై వైపు పెళ్లికి పోయింది, మాత్రల అట్ట ఇంట్లో మరిచిపోయింది. రెండో రోజు చేతులు వణికాయి, కంటిమీద కునుకు లేదు, ఎవరెవరో కనిపిస్తున్నారని అంది. గాలి సోకిందని విభూతి పెట్టారు. మేమూ ఆ పందిట్లోనే ఉన్నాము. మాకూ తోచలేదు, సిగ్గుగానే రాస్తున్నాము.

తెలంగాణలో ఇదే సంగతి ఊళ్లకు ఊళ్లు చూశాయి. అక్కడ కల్తీ కల్లులో కలిపేది ఈ ఆల్ప్రజోలం, డయజెపామే. 2015లో దాడులు చేసి కల్తీ కల్లు ఆపినప్పుడు, 2020లో లాక్‌డౌన్ పడి కల్లు దుకాణాలు మూసినప్పుడు, వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో జనం ఆసుపత్రులకు వచ్చారు. లాక్‌డౌన్‌లో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మద్యం దొరకనివారితో పాటు వీళ్లూ వరస కట్టారు. వాళ్లను కల్లు తాగి చెడిపోయారన్నారు. మన అక్కను ఏమంటాము? ఇద్దరి ఒంట్లో ఉన్న మందు ఒకటే.

చట్టం లేక కాదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉంది. ఆల్ప్రజోలం, డయజెపాం అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మన సంఘంలో మెడికల్ షాపులు నడిపేవారు కొందరున్నారు. మీ మీద కోపంతో కాదు, మీ చేతిలో ఉందని అడుగుతున్నాము. పాత చీటీతో మన మనిషే వచ్చినా ‘మామా, డాక్టరును ఒకసారి చూసి రా’ అని చెప్పండి. అయితే ఐదేళ్లుగా వేసుకునేవారికి ఒక్కరోజులో కౌంటరు మూసేయకండి, అది ఇంకా ప్రమాదం.

ఈ పోస్టు చదివి ఎవరూ రేపు పొద్దున మాత్ర మానేయకండి. డాక్టరు చూస్తుండగా వారాలు, నెలలు పట్టి కొంచెం కొంచెం తగ్గించాలి. అక్క అలాగే తగ్గిస్తోంది. ఒకటి వేసేది పావుకు వచ్చింది. పారేసిన ఆ రెండో మాత్రను కూడా మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి ఆమె మామ ఒప్పుకున్నాడు. పోయిన నెల పొల్లాచ్చికి బస్సులో ఒంటరిగా పోయి వచ్చింది. మొదటిసారి దడ వచ్చినవారు గుండె, థైరాయిడ్ పరీక్షలు తప్పక చేయించుకోవాలి. అవి బాగున్నాయంటే జబ్బు లేదని అర్థం కాదు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ, 2022 నుంచి ఉంది, డబ్బు కట్టనక్కరలేదు, తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడతారు.

కమిటీకి ఒక మాట. వచ్చే వైద్య శిబిరంలో కంటికి, షుగరుకు బల్లలు వేస్తాము కదా. దడకూ ఒక బల్ల వేయాలి. పైన ‘మానసిక’ అని బోర్డు పెడితే ఎవరూ రారు, ‘నిద్ర, దడ’ అని రాస్తే వస్తారు. వేసుకునే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకొచ్చి చూపిస్తే చాలు, పేరు రాయించనక్కరలేదు. దీనికి ఒప్పుకోని పెద్దలు ఇద్దరున్నారని తెలుసు. వారు ఇక్కడే కింద రాయండి, మాట్లాడుకుందాము.