ఈదడం, గట్టెక్కడం

మన భాషలో ఈతకు సంబంధించిన నానుడులు చాలావరకు కష్టాలతోనే ముడిపడి ఉన్నాయి. సంసారాన్ని ఈదుతాము, ఏటికి ఎదురీదుతాము, అప్పులలో మునుగుతాము, చివరికి ఎలాగో గట్టెక్కుతాము. ఈత అనగా ఒక పోరాటమనీ, దాని ప్రయోజనం ఒడ్డు చేరడమేననీ మాటలతో పాటే మనకు అబ్బిన భావన. నలభయ్యో ఏట ట్రయథ్లాన్ కోసం ఈత నేర్వబోయిన నాకు, ఈ భావన ఎంతటి అడ్డంకియో బాగా తెలిసివచ్చింది.

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటిగా సాగే పోటీ. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ప్రవేశించిన పోటీలో ఈత 1.5 కిలోమీటర్లు, సైకిలు 40, పరుగు 10. 1978లో హవాయిలో పదిహేనుమందితో మొదలైన ఐరన్‌మ్యాన్‌లో వరుసగా 3.8, 180, 42.2. మొత్తం దూరంలో ఈత వంతు మొదటిదానిలో 3 శాతం లోపు, రెండవదానిలో 2 శాతం లోపు. అందుచేత పరుగు నుండి ఇటు వచ్చేవారు "ఈత ఎలాగో గట్టెక్కితే చాలు" అంటుంటారు. ఆ మాటతోనే నాకు పేచీ.

నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. నేల మీద లోపాన్ని బలంతో కప్పిపుచ్చుకోవచ్చు. నీటిలో బలం ప్రయోగించిన కొద్దీ అలసటే మిగులుతుంది. గాలి నిండిన ఛాతీ తేలుతుంది, కాళ్ళు మునుగుతాయి. భయంతో తల పైకెత్తితే కాళ్ళు మరింత దిగి, దేహమే నీటికి అడ్డుగోడ అవుతుంది. పది కిలోమీటర్లు అవలీలగా పరుగెత్తే నేను, 25 మీటర్ల కొలను ఒక్కసారి దాటేసరికి రొప్పేవాణ్ణి. ఊపిరి పీల్చడం మీదనే ధ్యాస, వదలడం మీద లేదు. ఊపిరాడని బాధను ప్రధానంగా కలిగించేది రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. ముఖం నీటిలో ఉండగానే నెమ్మదిగా గాలి వదలడం, తల ఎత్తక దేహంతో పాటు పక్కకు తిప్పి పీల్చడం - ఈ రెంటికే మూడు నెలలు పట్టింది.

పూర్వం పల్లెలలో పిల్లల వీపుకు ఎండిన ఆనపబుర్రనో, బెండునో కట్టి బావిలో దింపేవారు. తేలడం ముందు, ఈదడం తరువాత. బుర్ర తేల్చుతుండగా భయం తీరేది. నడివయసు వానికీ ఆ క్రమమే కావాలి. కానీ పోటీ తేదీ ఖాయం చేసుకుని వచ్చేవాడు దానిని తలక్రిందులు చేస్తాడు.

కొలనులో అది చెల్లుతుంది. ప్రతి 25 మీటర్లకూ గోడ ఉంది, అడుగున గీత ఉంది. 2019లో గోవాలో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3లో 1.9 కిలోమీటర్లు అరేబియా సముద్రంలో ఈదాలి. అక్కడ గోడా ఉండదు, గీతా ఉండదు. అలలూ, పక్కవారి మోచేతులూ ఉంటాయి. పరుగులో అలసినవాడు చెట్టు క్రింద కూర్చోగలడు. నీటిలో అలసినవాడు తేలగలిగితేనే విశ్రాంతి. రక్షక పడవలు ఉంటాయి, నిజమే. అవి ఆపద కోసం, నేర్వని విద్యకు బదులుగా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు మూడు లక్షలమంది నీట మునిగి మరణించారు. నీటితో చనువు ప్రాణావసరమన్నది ఇంతకంటే వేరే చెప్పనక్కరలేదు.

పోటీ తేదీయే లేకపోతే ఈ వయసులో కొలను ముఖం చూసేదెవరని అడగవచ్చు. నన్ను నీటి దాకా తెచ్చినదీ పోటీయే. అయితే తీసుకువచ్చినవాడే గురువు కానక్కరలేదు కదా! నా ఉద్దేశంలో, శిక్షకుని ఎదుట, లోతునీటిలో దేనినీ పట్టుకోకుండా పది నిమిషాలు వెల్లకిలా తేలగలగాలి. అలసినప్పుడు ఉన్నచోటనే నిలువునా తేలుతూ ఊపిరి సరిచేసుకోగలగాలి. ఇవి వచ్చిన తరువాతే పోటీకి రుసుము కట్టాలి. నా మటుకు నేను పోటీని మరుసటి ఏటికి వాయిదా వేసుకున్నాను. గట్టు ఎక్కడికీ పోదు.