కార్డు తీసుకుంటాం, నంబరు ముట్టుకోం

పోచంపల్లి ఇక్కత్ చీర ఫొటో వాట్సాప్‌లో వెళ్తుంది. బేరం అక్కడే తెగుతుంది. కొన్నవారు ఫోన్‌పేలో డబ్బు వేసి స్క్రీన్‌షాట్ పెడతారు, మర్నాడు పార్సిల్ కొరియర్ ఎక్కుతుంది. తెలుగు రాష్ట్రాల్లో చేనేత, పచ్చళ్లు, పూతరేకులు అమ్మే చిన్న వ్యాపారాలు చాలావరకు ఇలాగే ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద వ్యాపారి కట్టాల్సిన రుసుము (ఎండీఆర్) 2020 జనవరి 1 నుంచి లేదు. పైసా ఖర్చు లేని దారి ఉండగా కార్డుల జోలికెందుకని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. పదిహేను వేల పట్టుచీర కొనేవారు క్రెడిట్ కార్డు మీద వాయిదాలు అడుగుతారు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్నవారికి అక్కడి బ్యాంకు ఖాతా మీద యూపీఐ నడవదు. వీళ్లను వదులుకోలేకనే చిన్న దుకాణం సొంత వెబ్‌సైట్ పెట్టి, కార్డు తీసుకునే ఏర్పాటు చేసుకుంటుంది.

‘నేరుగా కార్డు చెల్లింపులు’ అని చెప్పుకున్నా, డబ్బు నేరుగా రాదు. మధ్యలో పేమెంట్ అగ్రిగేటర్ ఉంటుంది. వాడుకలో అందరూ గేట్‌వే అనేస్తారు. కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము ముందు ఆ సంస్థ ఎస్క్రో ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి మామూలుగా రెండు మూడు పనిదినాల్లో దుకాణం ఖాతాకు చేరుతుంది. రిజర్వు బ్యాంకు ఈ వ్యవస్థకు 2020 మార్చి 17న నిబంధనలు పెట్టింది. దరఖాస్తు చేసే సంస్థకు రూ.15 కోట్ల నికర విలువ ఉండాలి, మూడో ఏడాది చివరికి దాన్ని రూ.25 కోట్లకు పెంచుకోవాలి. ఊరూపేరూ లేని సంస్థ జనం డబ్బు పట్టుకుని మాయం కాకుండా వేసిన కంచె అది.

అసలు తేల్చుకోవాల్సింది కార్డు నంబరు ఎక్కడ టైప్ చేయించాలన్నది. కొనుగోలుదారును గేట్‌వే పేజీకి పంపడం ఒక పద్ధతి. దుకాణం పేజీలోనే గేట్‌వే పెట్టెను అతికించడం ఇంకొకటి. మూడోది, కార్డు వివరాలు నింపే గడులను దుకాణమే సొంతంగా తయారుచేసుకుని పదహారు అంకెలనూ తన సర్వర్ గుండా పంపడం. చూపులకు మూడోదే ముచ్చటగా ఉంటుంది. కొనేవారు వేరే సైటుకు పోయినట్టు అనిపించదు. చిన్న దుకాణానికి అదే అన్నిటికంటే ప్రమాదకరం. నంబరు ఒక్క క్షణం తన సర్వర్‌ను తాకినా, కార్డు కంపెనీల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ మొత్తం దుకాణం మెడకు చుట్టుకుంటుంది. గేట్‌వే పేజీకి పంపేవారు ఒక చిన్న ప్రశ్నావళితో బయటపడతారు. మూడో దారి పట్టినవారు వందల అంశాలకు జవాబుదారీ.

బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2018లో దొంగలు ఆ సంస్థ సైటులోని ఒక స్క్రిప్టులో కేవలం 22 వరుసల కోడ్ చేర్చారు. ప్రయాణికులు అసలైన పేజీలోనే కార్డు వివరాలు టైప్ చేశారు, టికెట్లూ వచ్చాయి. అవే వివరాలు అసలు పేరును పోలిన మరో సైటుకూ చేరిపోయాయి. దాదాపు రెండు వారాలు ఎవరికీ అనుమానం రాలేదు. నాలుగు లక్షల మందికి పైగా వివరాలు ప్రమాదంలో పడ్డాయి. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2020 అక్టోబరులో 2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. విమానయాన సంస్థ కాబట్టి తట్టుకుంది. వూకామర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే పచ్చళ్ల దుకాణంలో ఉచిత ప్లగిన్ ద్వారా ఇదే జరిగితే కనిపెట్టడానికి అక్కడ సాంకేతిక సిబ్బందే ఉండరు. చెల్లింపు పేజీలో నడిచే ప్రతి స్క్రిప్టుకూ లెక్క ఉండాలనీ, మార్పులను పసిగట్టే ఏర్పాటు ఉండాలనీ పీసీఐ కొత్త నియమాలు పెట్టి 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి చేసింది ఇలాంటి దొంగతనాల వల్లే.

కార్డు నంబరు దాచిపెట్టుకునే విషయంలో మన దేశంలో వ్యాపారికి స్వేచ్ఛే లేదు. పలుమార్లు వాయిదా పడిన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, 2022 అక్టోబరు 1 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా, రూపే వంటి నెట్‌వర్క్ తప్ప మరెవరూ దాన్ని ఉంచుకోకూడదు. దుకాణానికి మిగిలేది చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు, అసలు నంబరుకు బదులిచ్చే టోకెన్. అప్పట్లో ఈ నియమం మీద వ్యాపారులు గొణిగారు గానీ, నిజానికి చిన్నవారి నెత్తిన పెద్ద బరువు తీసేసిందిది. ఇంట్లో లేని నగను దొంగ ఎత్తుకుపోలేడు.

ఇక ఖర్చు. క్రెడిట్ కార్డు మీద ఎండీఆర్‌కు ప్రభుత్వ పరిమితి లేదు, గేట్‌వేలు తరచు చెప్పే ధర 2 శాతం. రూ.6,000 చీర మీద రూ.120, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ రూ.21.60, చేతికందేది రూ.5,858.40. డెబిట్ కార్డుకు మాత్రం 2018 నుంచి పరిమితి ఉంది: ఏడాది టర్నోవర్ రూ.20 లక్షలు దాటని వ్యాపారికి ఆన్‌లైన్‌లో 0.40 శాతం, ఎంత పెద్ద బిల్లయినా రూ.200కు మించదు. ఆ భారాన్ని కొనేవారి మీద వేయకూడదని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. ధరల పట్టికలో ‘అన్నిటికీ 2 శాతం’ అని చూసి సంతకం పెట్టేవారు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి. సరుకు తిరిగొచ్చి రీఫండ్ ఇచ్చినా చాలా గేట్‌వేలు రుసుము వెనక్కివ్వవని కూడా.

చిన్న దుకాణాన్ని నిజంగా దెబ్బతీసేది ఆ రెండు శాతం కాదు, చార్జ్‌బ్యాక్, అంటే కార్డు యజమాని ఫిర్యాదు మీద బ్యాంకు సొమ్ము వెనక్కి లాక్కోవడం. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి కావడంతో, ‘ఈ కొనుగోలు నాది కాదు’ అనే వివాదాల్లో ఓటీపీ భారతీయ వ్యాపారిని చాలావరకు కాపాడుతోంది. అమెరికా కార్డుకు ఆ నియమం లేదు. నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు, డబ్బు వచ్చేస్తుంది. దొంగిలించిన కార్డుతో నాలుగు పట్టుచీరలు కొంటే సరుకు సముద్రం దాటాక అసలు యజమాని తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తారు. సొమ్ము వెనక్కి పోతుంది, చీరలూ పోతాయి, పైగా వివాద రుసుము. వీసా నిబంధనల్లో ఫిర్యాదు గడువు మామూలుగా 120 రోజులు. సంక్రాంతికి అమ్మిన సరుకు మీద వేసవిలో తగాదా రావచ్చు. అందుకే విదేశీ కార్డు మీద గేట్‌వేలు 3 శాతం అడగడం కన్నా, మొదటిసారి కొంటున్న అపరిచితుల పెద్ద ఆర్డర్ మీదే ఎక్కువ జాగ్రత్త కావాలి. కార్డు ఒక దేశానిది, చిరునామా మరో దేశానిది అయితే పంపేముందు ఒక ఫోన్ చేయడం చవకైన బీమా. ట్రాకింగ్ నంబరు, సంతకంతో అందిన రసీదు, వాట్సాప్ సంభాషణ దాచుకున్నవారికే వివాదంలో మాట్లాడటానికి ఏదైనా ఉంటుంది.

గేట్‌వే ఎంపికలో ధర తర్వాత చూడాల్సింది అనుమతి. 2022 డిసెంబరులో రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ వంటి పేరున్న సంస్థలను సైతం కొత్త ఆన్‌లైన్ వ్యాపారులను చేర్చుకోవద్దని రిజర్వు బ్యాంకు ఆపింది. ఆ ఆంక్ష తొలగడానికి దాదాపు ఏడాది పట్టింది. పాత ఖాతాలు నడిచాయి, ఆ ఏడాది కొత్తగా తలుపు తట్టినవారు వేరేచోట వెతుక్కోవాల్సి వచ్చింది. విదేశీ చెల్లింపులకైతే 2023 అక్టోబరు 31 ఉత్తర్వుతో విడిగా మరో అనుమతి వచ్చింది. దేశంలో వసూళ్లకు అనుమతి ఉన్నంత మాత్రాన డాలర్లు తెచ్చిపెట్టలేరు. అనుమతి పొందిన సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది. పాన్, బ్యాంకు వివరాలు అప్‌లోడ్ చేయకముందే ఆ జాబితాలో పేరు చూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.