దానం ఆమెది, ఫైలు అతనిది

భర్త కిడ్నీ చెడితే భార్య ఇస్తుంది. కొడుకుది చెడితే తల్లి ఇస్తుంది. మరి భార్యకే చెడితే? మా ఓర్వకల్లులో ఈ ప్రశ్న వేస్తే, ‘సంపాదించేవాడు బతకాల కదమ్మా’ అన్న జవాబే నాకు ఎక్కువగా వినిపిస్తుంది.

ఎవరు సంపాదించేవాళ్లు? 1990ల మధ్య నుంచి ఈ మండలంలో రూపాయి రూపాయి కూడబెట్టి పొదుపు సంఘాలు నిలబెట్టింది ఆడవాళ్లు కాదా? ఎండలో కూలికి పోయేది వాళ్లు కాదా? ఇది ఆర్థిక కారణం కాదు, ఆడదాని ఒంటికి పితృస్వామ్యం కట్టిన వెల.

జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్కల్లో 1995-2021 మధ్య 36,640 మార్పిడులు జరిగితే, ఆడవాళ్లకు దక్కినవి 6,945. ఇచ్చేవాళ్ల సంగతి వేరు. 2019 వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లలో నూటికి 80 మంది స్త్రీలే.

మార్పిడి వద్దని నేననను. డయాలసిస్ కంటే అది మేలే. అయితే కిడ్నీ పుచ్చుకున్నవాడికి జీవితాంతం మందులు, పరీక్షలు, ఫైలు ఉంటాయి. ఇచ్చినామెకు? కుట్లు మానగానే మళ్లీ కూలి, మోకాళ్ల నొప్పికి మందుల షాపు బిళ్లలు. ఉన్న ఒక్క కిడ్నీకి ఆ బిళ్లలే చేటు.

2014లో వచ్చిన అమెరికా అధ్యయనం ప్రకారం, 15 ఏళ్లలో కిడ్నీలు పూర్తిగా చెడే ప్రమాదం దాతల్లో పదివేలకు సుమారు 31, అంతే ఆరోగ్యంగా ఉండి ఇవ్వనివాళ్లలో 4. ప్రమాదం చిన్నదే, కానీ లేదనలేం. 2015 నాటి కెనడా అధ్యయనంలో దానం తర్వాత గర్భిణులైనవాళ్లలో నూటికి 11 మందికి రక్తపోటు సమస్యలు వచ్చాయి, దానం చేయనివాళ్లలో 5 మందికి. పాతికేళ్ల భార్యకు సంతకానికి ముందు ఈ మాట ఎవరు చెబుతున్నారు?

దాత స్త్రీ అయితే ఆమె సమ్మతిని, కిడ్నీ పుచ్చుకునే మనిషి కాక మరొకరు నిర్ధారించాలని 2014 కేంద్ర నియమాలు అంటాయి. అత్తగారు కూడా ‘మరొకరే’ కదా! ఎదురుచూసే జాబితాలో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2025లో జాతీయ సంస్థ సూచించింది. మంచిదే. కానీ ఆ జాబితా మరణించిన దాతల అవయవాలకు. మన దేశంలో ఎక్కువ కిడ్నీలు వచ్చేది బతికున్నవాళ్ల నుంచి, ఇంట్లోంచే.

కాబట్టి మనం అడగాల్సినవి: బంధువులెవరూ లేకుండా, ఒక మహిళా కౌన్సిలర్ దాతతో ఒంటరిగా తెలుగులో మాట్లాడాలి. ఆమె వద్దంటే, ఆ మాట ఇంటికి చేరకుండా వైద్య కారణంతోనే ఆపాలి. ఆమెకు సొంత ఫైలు, ఏటా బీపీ, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు జీవితాంతం ఉచితంగా ఉండాలి. ఎవరిచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో ప్రతి ఆసుపత్రీ ఆడ, మగ లెక్క ప్రకటించాలి.

అప్పటిదాకా దీన్ని త్యాగమని పొగడడానికి నేను ఒప్పుకోను.