వెనుకబండి టైరు వయస్సు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో కొన్ని, హోటలు గదులను నమ్ముకొనక, పడకలు, వంటగది, స్నానపు గది అన్నియు నమరిన ట్రావెల్ ట్రైలరు నొకదానిని సొంతముగా కొని, పికప్ ట్రక్కు వెనుక తగిలించుకొని, వేసవి సెలవులలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల యొద్దకో, గ్రాండ్ కాన్యన్ అంచునకో సకుటుంబముగా తరలిపోవుచున్నవి. మన వంట మనమే వండుకొనవచ్చును. చూడవచ్చిన తలిదండ్రులు మజిలీలో కాళ్ళు చాచుకొని పండుకొనవచ్చును. పిల్లలకు అడవియు నక్షత్రములును కనబడును. ఈ అలవాటును నేను మెచ్చుకొనువాడనే. అయినను ఆ యింటిని లాగబోవువానిని అచటి శాసనములు అడుగవలసిన ప్రశ్నలను అడుగుట లేదనియు, అడుగనందువలననే అతడు తెలిసికొనవలసినది తెలిసికొనక రోడ్డెక్కుచున్నాడనియు నా దృఢాభిప్రాయము.

సాధారణమైన కారు లైసెన్సు కలవాడు, అనేక రాష్ట్రములలో, పదివేల పౌండ్ల బరువు వరకు గల ట్రైలరును వేరొక పరీక్ష లేకయే లాగవచ్చును. జీవితమున ఎన్నడును వెనుకకు రెండవ బండిని కట్టి ఎరుగనివాడు ఉదయమున కొట్టునకు పోయి సంతకము పెట్టి, సాయంకాలమునకు ముప్పది అడుగుల ఇంటిని లాగుకొనుచు పెద్దరోడ్డు మీద ఉండవచ్చునన్నమాట. కొన్న తరువాతనైనను చూచువాడు కలడా యనిన, అనేక రాష్ట్రములలో లేడు. టెక్సాస్ రాష్ట్రము వ్యాపారేతర వాహనములకు ఉన్న వార్షిక భద్రతా తనిఖీని సైతము 2025 జనవరి 1 నుండి తొలగించినది. బ్రిటనులో 1997 తరువాత కారు లైసెన్సు పొందినవారు బరువైన ట్రైలరును లాగవలెనన్న వేరొక పరీక్షలో నెగ్గవలసి యుండెడిది. లారీ డ్రైవర్లు కరవైన వేళ పరీక్షాధికారుల కాలము లారీ పరీక్షలకు మిగులునను కారణము చెప్పి, 2021 డిసెంబరులో దానిని గూడ రద్దు చేసిరి. ప్రజలను పరీక్షల బాధనుండి తప్పించుట ప్రభుత్వములకు ఖర్చులేని ఔదార్యము.

ఇక టైరు సంగతి. ఈ విషయమున మనవారికి స్వదేశమునుండి వెంటవచ్చిన దురభిప్రాయ మొకటి కలదు: గాట్లు అరిగి గుండైనదే పాత టైరు, గాట్లు నిలిచియున్నంతవరకు అది మంచి టైరే యని. ప్రతిదినము తిరుగు ఆటోకును, కారునకును ఈ కొలత చాలవరకు సరిపోవును. ఏడాదిలో పది నెలలు కదలక నిలిచి, మిగిలిన కొలది దినములు నిండు బరువుతో పరుగెత్తు ట్రైలరునకు ఇది బొత్తిగా పనికిరాదు. దాని టైరు అరుగుటకు ముందే ముసలిదగును. గాలిలోని ఓజోనును, ఎండలోని అతినీలలోహిత కిరణములును రబ్బరును పెళుసుబరచును. ఆ పెళుసుదనమును అడ్డుటకై రబ్బరులో కలిపెడు రక్షక ద్రవ్యములు టైరు తిరుగుచు వంగుచు నలుగుచున్నపుడే బాగుగా పైకి వచ్చి పొరకట్టునవి కావున, నిలిచియున్న టైరునకు ఆ రక్షణయు కొరవడును. అట్టి టైరు చూపునకు నిగనిగలాడుచునే, లోపల ఉక్కుతీగల పట్టీలకును రబ్బరునకును గల అంటు సడలి, మొదటి వేడి దినమున, మొదటి దీర్ఘ ప్రయాణమున పొర విడిపోవుటకు సిద్ధముగా నుండును.

దాని జన్మసంవత్సరము దాని ప్రక్కగోడ మీదనే వ్రాసియుండును. డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుసలో తుది నాలుగంకెలు చూడుడు: మొదటి రెండు తయారైన వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును, 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు ఇరువది మూడవ వారమున తయారైన టైరని యర్థము. ఒక్కొక్కప్పుడు ఆ అంకెలున్న ముఖము లోపలివైపునకు తిరిగియుండును. అప్పుడు దీపము చేతబట్టుకొని బండి క్రిందికి దూరి చూడవలసినదే. అయిదారు సంవత్సరములు నిండిన ట్రైలరు టైరును, గాట్లెంత నిండుగా నున్నను, మార్చివేయుట మేలని అనుభవజ్ఞుల మాట. నేను ఆ మాటకు కట్టుబడినవాడను. పాత ట్రైలరును అమ్మజూపువాడు ‘ఇది పట్టుమని వేయి మైళ్ళయినను తిరుగలేదు’ అని గొప్పగా చెప్పుకొనిన, టైర్ల విషయమున ఆ గొప్పను హెచ్చరికగా గ్రహింపవలెను.

తెలుగువారు విరివిగా నివసించు డాలస్ శివారులవంటి చోట్ల ఇండ్ల యజమానుల సంఘములు అనేకము తమ నిబంధనలచేత ఇంటిముందు ట్రైలరును నిలుపనీయవు. కావున అది ఊరి వెలుపల అద్దెకిచ్చు ఆరుబయలు స్థలములో, యజమాని కంటికి దూరముగా, సంవత్సరములో అధికభాగము ఒకే ప్రక్క ఎండను భరించుచు పడియుండును. ఇంటి యెదుట నున్నచో ఏ ఆదివారమైనను టైరులో గాలి తగ్గుట, ప్రక్కగోడ పగుళ్ళు కంటబడును. అక్కడ ప్రయాణపు ఉదయమున గాని కంటబడవు, ఆ ఉదయమున పిల్లలు తొందరపెట్టుచుందురు. చక్రములకు తెల్లని తొడుగులు వేయించుట, నెలకొకసారి పోయి గాలి చూచుట, బండిని కొంచెము ముందునకు వెనుకకు కదల్చుట, ఇంతకంటె ఎక్కువ శ్రమ లేదు.

గాలి విషయమున సైతము మన దేశమునుండి పోయిన నమ్మకమే చెరుపు చేయుచున్నది. ఎండకాలమున గాలి రెండు మూడు పాయింట్లు తక్కువ పెట్టవలెననియు, లేనిచో వేడికి ఉబ్బి పగులుననియు మనలో పలువురు నమ్ముదురు. నిజము దీనికి విరుద్ధము. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునందును ప్రక్కగోడ ఎక్కువగా వంగి, ఆ వంపులో వేడి పుట్టించుకొని, ఆ వేడికే చచ్చును. ట్రైలరు కొరకే తయారైన టైరుమీద ఎస్.టి. అను గుర్తు ఉండును. దాని బలమంతయు లోపలి గాలిలోనే యున్నది. పదునైదు అంగుళముల చక్రమునకు వేయు 225/75 కొలత గలిగి, ‘ఇ’ శ్రేణికి చెందిన టైరు, చల్లగా నున్నపుడు 80 పౌండ్ల గాలి పెట్టినచో 2,830 పౌండ్ల బరువు మోయును. గాలి తగ్గినకొలది ఆ శక్తియు తగ్గును. ప్రక్కగోడ మీద వ్రాసిన గరిష్ఠపు గాలిని, ఉదయమున బండి కదలకమునుపు పెట్టవలెను; మధ్యాహ్నము దారిలో కొలిచి, అంకె పెరిగినదని భయపడి గాలి వదలరాదు, ఆ పెరుగుదలను ఎంచియే ఆ టైరును నిర్మించిరి.

ఒకటి పేలినచో జరుగునది కారు టైరు పేలుటవంటిది కాదు. పెద్ద ట్రైలరునకు ప్రక్కకు రెండేసి చక్రములుండును కావున, ఒకటి పోయినను రెండవది మోయుచునే యుండును, ముందున్న డ్రైవరునకు చాలసేపటివరకు ఏమియు తెలియదు. ఈలోపల విడిపోయిన రబ్బరు పట్టీ కొరడావలె కొట్టి చక్రముపైనున్న ట్రైలరు నేలను చీల్చి, వైర్లను, నీటి గొట్టములను, ఒక్కొక్కప్పుడు వంటగ్యాసు గొట్టమునే తెంపును. జతలో రెండవ టైరు ఇంతసేపు రెట్టింపు భారము మోసినది గావున దానిని గూడ నమ్మరాదు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్ల ఫైర్‌స్టోన్ టైర్లు విచ్చిపోయి జనులు మరణించిన తరువాత అమెరికా కాంగ్రెసు 2000లో చేసిన చట్టము ఫలితముగా, 2007 సెప్టెంబరు నాటికి కొత్త కారులన్నిటికిని గాలి తగ్గినచో హెచ్చరించు సాధనము తప్పనిసరి యయ్యెను. ఎవరి కంటికిని కనబడక వెనుకనుండు ట్రైలరు చక్రములకు మాత్రము ఆ నిబంధన వర్తింపలేదు. హెచ్చరిక అత్యవసరమైన చోటనే దానిని వదలిన ఈ శాసనవివేకము నాకు నేటికిని బోధపడదు. ఆ సాధనమును విడిగా కొని బిగించుకొనవచ్చును, కొనుటయే కర్తవ్యము.

టైరును చంపు రెండవ శత్రువు బరువు. నలుబది గాలనుల నీటి తొట్టి నిండినంతనే 330 పౌండ్లు పైబడును. దానికి తోడు బ్యాటరీలు, గ్యాసు సిలిండర్లు, మడత కుర్చీలు, ఆపై మన తెలుగిండ్లకు మాత్రమే చెందిన సోనామసూరి బస్తా, ఆవకాయ జాడీలు, గ్రైండరు. ఈ బరువు ఎంతయన్నది ఒక యెత్తు, ఎక్కడ నున్నదన్నది మరియొక యెత్తు. ఎద్దుబండి తోలిన మన తాతలకు ఈ శాస్త్రము కరతలామలకము: బరువు వెనుకకు పోయినచో కాడి పైకి లేచి పలుపు ఎద్దుల గొంతునకు బిగియును, ముందునకు వచ్చినచో మెడలు క్రుంగును. ట్రైలరు ముందు కొన, లాగు బండి వెనుక నుండు హిచ్ బంతి మీద మోపు బరువు మొత్తములో నూటికి పదినుండి పదునైదు వంతు లుండవలెను. ఏడువేల పౌండ్ల ట్రైలరునకు ఏడువందలకు తగ్గక, వేయిన్నియేబదికి మించక యని లెక్క. వెనుక తగిలించిన సైకిళ్ళ వంటి భారముచేత ఆ పాలు తగ్గినపుడు, ప్రక్కనుండి లారీ దూసుకొనిపోయినను, గాలి విసరినను, ట్రైలరు పాము తోకవలె అటునిటు ఊగనారంభించును. వేగము హెచ్చినకొలది ఆ ఊపు తనంతట అణగక పెరుగును. అట్టి సమయమున ముందు బండి బ్రేకు తొక్కుట, స్టీరింగు గిరగిర త్రిప్పుట ఆత్మహత్యాసదృశము. కాలు ఆక్సిలరేటరు మీదినుండి మెల్లగా తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకొని, డ్యాష్‌బోర్డు క్రింద నుండు ట్రైలరు బ్రేకు మీటను మాత్రము చేతితో నొక్కవలెను. ఈ ఒక్క పనిని ఖాళీ స్థలములో అభ్యసింపని డ్రైవరునకు ఆ క్షణమున అది తోచదు.

‘మా బండి తొమ్మిదివేల పౌండ్లు లాగును’ అను ప్రకటనను నమ్మి కొనువారు ఒక్క మాట గమనింపవలెను. ఆ అంకెలను నిర్ణయించు పరీక్షావిధానము, ఆరిజోనాలోని డేవిస్ డామ్ ఎగుడు మీద బండి పనితనమును కొలుచునది, లోపల ఇద్దరు మనుష్యులే యున్నట్లు ఎంచును. మన బండిలో తాతయు, నానమ్మయు, ముగ్గురు పిల్లలును ఉందురు. డ్రైవరు తలుపు తెరచినపుడు కనబడు చీటీమీద మనుష్యులును సామానును కలిసి ఎంతకు మించరాదో వ్రాసియుండును. బంతిమీద మోపిన బరువును గూడ ఆ మొత్తములోనే చేర్చవలెను. చాల కుటుంబములకు ప్రకటనలోని అంకెకంటె ముందు ఈ చీటీలోని అంకెయే అడ్డుపడును. అట్లని తాతను ట్రైలరులోని పడకమీద పండుకొనబెట్టుట పరిష్కారము కాదు. కదలుచున్న ట్రావెల్ ట్రైలరులో మనుష్యు లుండుట చాల రాష్ట్రములలో నిషిద్ధము.

వేగమును గూర్చి రెండు మాటలు. పాత ఎస్.టి. టైర్లు అనేకము గంటకు 65 మైళ్ళ వేగమునకు మించి నిర్మింపబడినవి కావు. టెక్సాస్‌లోని 130వ రాష్ట్ర రహదారి మీద ఒక భాగమున 85 మైళ్ళు పోవచ్చునని బోర్డు కలదు, అది ట్రైలరు నెరిగి వ్రాసినది కాదు. కాలిఫోర్నియా మాత్రము వెనుక బండి లాగువారికి 55 మైళ్ళను హద్దుగా విధించినది. మనవారు దానిని వేళాకోళము చేయుదురు గాని, నా దృష్టిలో ఆ రాష్ట్రముదే వివేకము.

మిగిలినవి చిన్న జాగ్రత్తలు. హిచ్ బంతిమీద ట్రైలరు కొన మూత బిగిసినదా లేదా యను సందేహము తీరుటకు, గొళ్ళెము వేసిన పిమ్మట జాకీతో ట్రైలరు ముందు కొనను ఎత్తుడు. కారు వెనుక భాగము తోడనే లేచినచో బిగిసినట్లు. ట్రైలరును బండికి కలుపు గొలుసులను క్రింద అడ్డముగా ఒకదానిపై నొకటి దాటించి తగిలింపవలెను, మూత ఊడినను ముందు కొన నేలబడక వానిమీద నిలుచును. బండి తెగిపోయినపుడు ట్రైలరు బ్రేకులను తనంతట పట్టించు సన్నని తీగను ఆ గొలుసులకు కాక బండికే నేరుగా కట్టవలెను. చక్రము మార్చినపుడెల్ల నట్టులను తొలి 50 మైళ్ళలోనే మరల బిగించి చూడవలెను. బేరింగులకు ఏడాదికొకసారి గ్రీజు మార్పించుడు.

నేను కోరునది స్వల్పము. అమ్మువాడు విక్రయపత్రములో టైర్ల తయారీ తేదీని వ్రాయవలెను. కొనువానిని ఒక పూటయైన లాగుట నేర్పక పంపరాదు. మొదటి ప్రయాణమునకు పూర్వము నిండు సామానుతో కాటా వేయించినట్లు చీటీ చూపవలెను. ఇది స్వేచ్ఛకు భంగమనియు, వ్యాపారమునకు నష్టమనియు అనువారుందురు. పెద్దరోడ్డు మీద ఊగిపడు ట్రైలరు, దానిని కొననివాని కారుమీద గూడ పడును గావున, ఇది కొన్నవాని స్వేచ్ఛతో మాత్రమే తీరు వ్యవహారము కాదు. లారీలు ఆగు పెట్రోలు బంకుల యొద్ద కాటాలు విరివిగా నున్నవి. ముందు ఇరుసును, వెనుక ఇరుసును, ట్రైలరు ఇరుసులను వేరువేరుగా తూచి చీటీ యిచ్చుటకు తీసికొనునది ఒక పూట భోజనపు వెలను మించదు.

చట్టము వచ్చువరకు కూర్చుండ నక్కరలేదు. అమెరికాలోని మన తెలుగు సంఘములు పాటల పోటీలకును, పండుగ విందులకును అద్దెకు తీసికొను మైదానములలో ఏడాదికొక దినము ట్రైలరు లాగు శిక్షణకు విడిచినచో ఎంతయో మేలు. ఈ వేసవికి బయలుదేరువారు ముందుగా బండి క్రిందికి దూరి ఆ నాలుగంకెలను చదివి, కాటా వేయించి, తూకము హెచ్చినచో సామాను దించి, ఆ తరువాతనే కదలవలెనని నా మనవి.