వాకిట్లో పలక, వేదికపై మృదంగం

కొన్నేళ్ల కిందటి మాట. ఒక విశ్వవిద్యాలయం నిర్వహించిన యువజనోత్సవాలలో సంగీత విభాగానికి న్యాయనిర్ణేతలలో ఒకరిగా వెళ్లాను. జమ్మలమడుగు ప్రాంతపు పల్లె నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థి ఒకడు తాళవాద్యాల వ్యక్తిగత పోటీకి పేరు ఇచ్చుకున్నాడు. అతని భుజానికి వేలాడుతున్నది డప్పు. మా సీమ పల్లెల్లో దాన్ని పలక అని కూడా అంటారు. పోటీ పేరు ‘శాస్త్రీయ తాళవాద్యం’. నిబంధనల ప్రకారం మృదంగం, తబలా, ఘటం, కంజీర వంటివి చెల్లుతాయి, డప్పు చెల్లదు. ఆ నిబంధన అతనికి చదివి వినిపించింది నేనే. అతను కాసేపు మౌనంగా నిలబడి, ‘మా నాయన పలక కొడతాంటే ఊరంతా ఎగురుతాది సార్. ఇది వాద్యం గాదా?’ అని అడిగాడు. జానపద నృత్య బృందానికి సహకార వాద్యంగా వాయించవచ్చని నిర్వాహకులు సర్దిచెప్పారు. వాయించాడు. ఆ బృందానికి బహుమతి వచ్చింది. వేదికపై ప్రకటించిన పేర్లలో అతని పేరు లేదు.

ఆ ఉదయం ముఖ్య అతిథికి ప్రధాన ద్వారం వద్ద స్వాగతం పలికింది కూడా డప్పులే. ద్వారం వద్ద పనికివచ్చిన వాద్యం వేదిక దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనికిరాకపోయింది? ఈ ప్రశ్నను ఒక విద్యార్థికి జరిగిన చిన్న అన్యాయంగా భావించి వదిలివేయవచ్చు. కానీ మన విశ్వవిద్యాలయాలు కళను చూసే చూపులోనే కులం ఎట్లా కుదురుకుని ఉన్నదో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

భారత విశ్వవిద్యాలయాల సంఘం పర్యవేక్షణలో జరిగే యువజనోత్సవాల పోటీల జాబితాను గమనించండి. సంగీతం, నృత్యం, నాటకం, సాహిత్యం, లలితకళలు అనే ఐదు విభాగాలు ఉంటాయి. శాస్త్రీయ గాత్రం వ్యక్తిగతం. శాస్త్రీయ వాద్యం వ్యక్తిగతం. శాస్త్రీయ నృత్యం వ్యక్తిగతం. పాశ్చాత్య గాత్రానికి సైతం వ్యక్తిగత పోటీ ఉన్నది. జానపదానికి వచ్చేసరికి అది వాద్యబృందం, నృత్యబృందం. అంటే శాస్త్రీయ కళకు ఒక మనిషి ఉంటాడు, అతనికి పేరు, గురువు, ప్రతిభ ఉంటాయి. జానపద కళకు మాత్రం గుంపే ఉంటుంది. ఇది కేవలం నిర్వహణ సౌలభ్యం కోసం చేసిన విభజన కాదు. కొన్ని కులాల మనిషిని సృజనకారుడిగా, మరికొన్ని కులాల మనిషిని సమూహంలో ఒక తలగా లెక్కించే పాత అలవాటుకు ఇది విద్యాసంస్థల రూపం.

‘డప్పుకు శాస్త్రం లేదు, శ్రుతి లేదు’ అనే వాదన వెంటనే వినిపిస్తుంది. సంగీత చరిత్ర దీన్ని అంగీకరించదు. కంజీర కూడా చట్రానికి చర్మం బిగించిన వాద్యమే. పందొమ్మిదో శతాబ్దం చివరలో పుదుక్కోట్టై మాన్‌పూండియా పిళ్లై దాన్ని కచేరీ వేదికపైకి తెచ్చేవరకు అది భజన గోష్ఠుల వాద్యం. అదే శతాబ్దంలో ఐరోపా వయొలిన్ కర్ణాటక సంగీతంలో స్థిరపడింది. కద్రి గోపాల్‌నాథ్ చేతిలో శాక్సాఫోన్, మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో మాండొలిన్ శాస్త్రీయ వాద్యాలయ్యాయి. కాబట్టి శాస్త్రీయత వాద్యంతో పుట్టే గుణం కాదు. ఎవరు వాయించారు, ఎవరు విన్నారు, ఏ సంస్థ తలుపు తెరిచింది అన్న వాటి మీద అది ఆధారపడుతుంది. సముద్రాలు దాటి వచ్చిన వయొలిన్‌కు దొరికిన పీట, వాడ దాటి వచ్చిన డప్పుకు దొరకలేదు.

మైల వాదన మరీ విచిత్రమైనది. డప్పు మేకతోలుతో బిగిస్తారు గనుక అది కిందిది అన్నట్టయితే, మృదంగం మాత్రం ఏ పట్టువస్త్రంతో తయారవుతున్నది? ఆవు, గేదె, మేక చర్మాలు లేనిదే మృదంగ నాదం లేదు. ఆ చర్మాన్ని శుభ్రపరచి, కోసి, బిగించి, నాదం పలికించే పనివారిలో అధికులు దళితులేనని, అందులోనూ దళిత క్రైస్తవులని టి.ఎం. కృష్ణ 2020లో వెలువరించిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ గ్రంథం సవివరంగా చూపింది. చర్మం వేదికపైకి వెళ్లగలిగింది. చర్మాన్ని వాద్యంగా మలచిన చేయి వెళ్లలేకపోయింది.

ఈ చర్చకు కడప జిల్లా కంటే తగిన నేల మరొకటి లేదు. 1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా వనారస కుటుంబం ‘కీచకవధ’ నాటకం ఆడింది. తోలుబొమ్మలాట జీవనాధారంగా బతికిన ఆరె మరాఠీ కుటుంబాల వారు వాళ్లు. మగవారే ఆడవేషాలు కట్టే కాలంలో స్త్రీ పాత్రలను స్త్రీలతోనే వేయించారు. నేడు ఆ ఊరు పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో ఉన్నది. తెలుగు రంగస్థలానికి అంతటి సంప్రదాయాన్ని ఇచ్చింది ఏ రాజాస్థానమూ కాదు, ఊరూరూ తిరిగిన సంచార కళాకారుల కుటుంబం. కులాన్ని నిలదీసిన వేమన పేరు మీద 2006లో కడపలో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2020లో అదే నగరంలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం వచ్చింది. గోపవరపు కుమ్మరి మొల్ల, కందిమల్లయపల్లె వీరబ్రహ్మం, ఆయన శిష్యులుగా జనం చెప్పుకునే దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య అందరూ ఈ నేల జ్ఞాపకంలోని వారే. సీమ పల్లెల్లో తెల్లవార్లూ ఆడే బ్రహ్మంగారి నాటకంలో కక్కయ్య ఘట్టానికి జనం ఇప్పటికీ కదలకుండా కూర్చుంటారు. ఇంతటి వారసత్వం ఉన్నచోట విశ్వవిద్యాలయ కళావిద్య ఎట్లా ఉండాలి అన్నది న్యాయమైన ప్రశ్న.

ప్రొద్దుటూరు దసరా తొట్టిమెరవణిని చూసిన వారికి తెలుసు, వాద్యబృందాలు లేకుండా ఆ రాత్రి లేదు. గండికోట ఉత్సవాలు జరిగితే జమ్మలమడుగు జనం వేదిక ముందు కిక్కిరుస్తారు. పులివెందుల చుట్టుపక్కల చెక్కభజన, పండరిభజన, కోలాటం లేని తిరునాళ్ల అరుదు. ఈ మూడు పట్టణాల కళాశాలల వార్షికోత్సవాలలో సైతం జానపదానికే ఎక్కువ చప్పట్లు. అయితే చప్పట్లు వేరు, గౌరవం వేరు. ఉత్సవంలో డప్పు కళాకారుడికి దక్కేది ఒక పూట కూలి. తరగతిగదిలో అతనికి స్థానం లేదు, పాఠ్యప్రణాళికలో అతని దరువుకు పేరు లేదు. పెళ్లికి ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు మరొక దరువు అని అతని చేతికి తెలిసిన లెక్కను రాసిపెట్టి బోధించే ప్రయత్నం విశ్వవిద్యాలయం పనిగా ఎవరికీ తోచలేదు.

దృశ్యకళల సంగతీ ఇంతే. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పేరున్న ఊరు. అక్కడ నగ చేసే ఆచారి, ఇక్కడ చీర నేసే నేతగాడు, కుండ చేసే కుమ్మరి మన లెక్కలో ‘వృత్తిపనివారు’. అదే పనిని పట్టాతో, ల్యాప్‌టాప్‌తో చేస్తే ‘డిజైనర్’. చేతికి తెలిసిన విద్యను వృత్తిగా, కాగితానికి తెలిసిన విద్యను కళగా విడదీసే గీత కులరేఖ మీదుగానే సాగుతుంది. లలితకళల పట్టా కోర్సు దాకా రాగలిగిన పేదపిల్లల దారి కూడా నల్లేరు మీద నడక కాదు. కడప లలితకళల విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థులు తమ కోర్సుకు కౌన్సిల్ గుర్తింపు కోసం 2024లో ఆందోళనకు దిగవలసి వచ్చింది. తొలితరం విద్యార్థికి గుర్తింపు లేని చదువు అంటే చిరిగిన విస్తరే.

ప్రభుత్వం డప్పు కళాకారుడిని గుర్తించడం లేదా అంటే, గుర్తిస్తున్నది. సామాజిక పింఛన్ల జాబితాలో 50 ఏళ్లు నిండిన డప్పు కళాకారులున్నారు. 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 4,000 రూపాయలు. ఇది అవసరమైనదే, కాదనరాదు. కానీ రాజ్యం దృష్టిలో అతను సాయం అందుకోవలసిన వృద్ధుడు మాత్రమే. విద్య నేర్పగల గురువు కాడు. అర్ధశతాబ్దం దరువు మోసిన మనిషికి మనం చూపగలిగిన చోటు పింఛను వరుస ఒక్కటేనా?

బుడగ జంగాల పరిస్థితి మరీ దయనీయం. బుర్రకథను తరతరాలుగా ఊరూరా మోసిన కులం అది. ఎస్సీ జాబితాలో ఆ పేరు తెలంగాణ జిల్లాలకే పరిమితం కావడంతో, ఆంధ్రప్రదేశ్‌లోని ఆ కుటుంబాల పిల్లలు ధ్రువపత్రం కోసం ఏళ్లుగా కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. బుర్రకథ మీద పరిశోధన చేసి ఎవరైనా డాక్టరేట్ పొందవచ్చు. బుర్రకథ చెప్పిన వాని కొడుకు మాత్రం ప్రవేశ దరఖాస్తులో కులం గడి దగ్గరే ఆగిపోతున్నాడు.

ఇక్కడ దళిత ఆలోచనాపరుల నుంచే వచ్చే ఒక బలమైన అభ్యంతరాన్ని పక్కన పెట్టలేం. డప్పును విశ్వవిద్యాలయానికి తెస్తే మాదిగ పిల్లవాడిని మళ్లీ కులవృత్తికే కట్టివేసినట్టు కాదా? చావుకు, జాతరకు నిర్బంధంగా కొట్టించిన డప్పు వెట్టికి గుర్తు. దాన్ని విసిరికొట్టడమే విముక్తి అని భావించిన తరాలు ఉన్నాయి. ఆ భావనలో నిజమైన గాయం ఉన్నది. కానీ 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం తన పేరునే దండోరా అని పెట్టుకున్నది. వెట్టికి మోగిన డప్పునే హక్కుకు మోగించింది. కనుక సమస్య డప్పులో లేదు, నిర్బంధంలో ఉన్నది. ఒక కులం మాత్రమే కొట్టాలి, పిలిచినప్పుడల్లా కొట్టాలి అన్న కట్టడి తెగాలి. అది తెగాలంటే డప్పు తరగతి అన్ని కులాల పిల్లలకూ తెరవాలి. మాదిగ కళాకారుడు గురువుగా కూర్చుని, రెడ్డి, బ్రాహ్మణ, కోమటి, బలిజ ఇళ్ల పిల్లలు అతని ఎదుట శిష్యులుగా కూర్చున్న నాడు ఆ వాద్యానికి అంటిన కులం కరగడం మొదలవుతుంది. మాదిగ ఇంటి పిల్లవాడు వయొలిన్ ఎంచుకోగల స్వేచ్ఛ కూడా అంతే ముఖ్యం. ఒకటి లేకుండా రెండవది సగం న్యాయమే.

సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న ఇచ్చిన తీర్పు తరువాత, 2025లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీ వర్గీకరణను అమలులోకి తెచ్చింది. సీట్లలో, కొలువులలో వాటా ఎంత అన్న చర్చ ఒక దారికి వచ్చింది. జ్ఞానంలో వాటా ఎంత అన్న చర్చ మాత్రం ఇంకా మొదలు కాలేదు. విద్యార్థిగా ప్రవేశం దొరికిన పిల్లవాడు లోపల చదివే పాఠంలో తన ఇంటి విద్య కనబడకపోతే, ఆ ప్రవేశం సగం తెరిచిన తలుపే.

చేయవలసినవి అసాధ్యమైన పనులు కావు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ నియామకాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 15 ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులను డిగ్రీలతో నిమిత్తం లేకుండా, మంజూరైన పోస్టులలో 10 శాతం మించకుండా తీసుకోవచ్చు. అందులో లలితకళలు కూడా ఉన్నాయి. ఈ అవకాశాన్ని పరిశ్రమల అధికారులకు, విశ్రాంత ఉన్నతోద్యోగులకు మాత్రమే పరచిన తివాచీగా మిగల్చకుండా డప్పు, బుర్రకథ, తోలుబొమ్మలాట గురువులకు వర్తింపజేయాలి. రెండవది, యువజనోత్సవాలలో జానపద గాత్రానికి, జానపద వాద్యానికి వ్యక్తిగత పోటీలు పెట్టాలి. జాతీయ జాబితా మారేదాకా ఆగనవసరం లేదు, అనుబంధ కళాశాలల స్థాయిలో ఏ విశ్వవిద్యాలయమైనా రేపే పెట్టుకోవచ్చు. మూడవది, సహకార వాద్యకారుల పేర్లు కూడా ప్రశంసాపత్రంపై ఉండాలి, వేదికపై చదవాలి. నాలుగవది, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కళాశాలల విద్యార్థులు తమ ఊళ్ల దరువులను, కథలను, పాటలను చెప్పినవారి పేర్లతో సహా నమోదు చేసే పనికి క్రెడిట్లు ఇవ్వాలి. సమాచారం ఇచ్చిన ‘వక్త’గా కాక, ఆ విద్యకు హక్కుదారుగా కళాకారుని పేరు నమోదు కావాలి.

దీనివల్ల ప్రమాణాలు పడిపోతాయని భయపడే వారు తిరుపతి వైపు చూడవచ్చు. ఆలయ సేవకు, మంగళ కార్యాలకు పరిమితమై, నాయీబ్రాహ్మణ కుటుంబాల వృత్తిగా నిలిచిన నాదస్వరం, డోలు అక్కడ పాఠశాలలో పాఠాలయ్యాయి. కరవది నుంచి వచ్చిన షేక్ చినమౌలానా వంటి ముస్లిం విద్వాంసుడు నాదస్వరానికి దేశమంతటా కీర్తి తెచ్చారు. సంస్థ ఆదరించిన చోట విద్య పెరిగిందే గాని తగ్గలేదు.

ఆ రోజు ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. నిబంధన కాగితం చూపాను. నిబంధన రాసిన చేతులు ఎక్కడివో తెలియదు కానీ, చదివి వినిపించిన గొంతు నాది. పాఠ్యప్రణాళికా సంఘాలలో, న్యాయనిర్ణేతల కుర్చీలలో కూర్చునే నాబోటి అధ్యాపకులు కులవివక్షను ఎక్కడో గ్రామంలో వెతుకుతూ ఉంటాం. అది మన సంతకం కింద, మన ముద్రతో, ఎంతో మర్యాదగా సాగిపోతూ ఉంటుంది. వేమన పేరు పెట్టుకున్న నేల మీద ఆ పిల్లవాడికి ఇవ్వవలసిన జవాబు ఒక్కటే. అవును నాయనా, అది వాద్యమే. మీ నాయన గురువే. ఈ మాట ఇంట్లో చెప్పుకుంటే చాలదు. విశ్వవిద్యాలయం తన నియామక పత్రంలో, పాఠ్యపుస్తకంలో, బహుమతుల జాబితాలో రాయాలి.